కొరకని ఆకు

ఏడో కుండీ కూడా గడప దాటింది.

“ఆగండి వదినా, మట్టంతా మెట్ల మీద పడుతోంది,” అంది కోడలు.

“మట్టి పడితే ఊడ్చుకోవచ్చు. ప్రాణం పోతే ఏం చేస్తావు?” అంటూ ఆడపడుచు ఎనిమిదో కుండీని రెండు చేతులా వాటేసుకుంది.

ఆడపడుచు అర్ధమొగుడు అన్నారు పెద్దలు. ఈవిడ విషయంలో ఆ లెక్క కాస్త తక్కువే వేశారు. స్కూల్లో ముప్ఫై ఏళ్ళుగా సైన్సు చెబుతున్న మనిషి. వీధి వీధంతా టీచరమ్మ అంటుంది, సొంత తమ్ముడు కూడా ఆవిడ లేనప్పుడు అలాగే అంటాడు. ఆవిడకి ఒక సంగతి తెలిసిందంటే ఎదుటివాళ్ళు కొత్తగా తెలుసుకోవాల్సింది ఇంకేమీ ఉండదు. ఈ పూట ఆవిడకి తెలిసిన సంగతి ఏమిటంటే, పిల్లిని చంపబోతున్నది మరదలి బాల్కనీ.

పిల్లి పేరు సెకనమ్మ. తెల్లటి ఒళ్ళు, బూడిదరంగు చెవులు. గడియారంలో సెకన్ల ముల్లులా ఒక్కచోట నిలవదని మామగారు పెట్టిన పేరు అది. నలభై ఏళ్ళు వాచీలు బాగుచేసిన మనిషికి అంతకంటే ముద్దుపేరు తట్టదు. అలాంటిది నిన్న రాత్రి నుంచి వాంతులు చేసుకుని, తెల్లారేసరికి తల కూడా ఎత్తలేకపోయింది. ఎనిమిదింటికల్లా డాక్టరమ్మ దగ్గర చేర్చి సెలైన్ పెట్టించారు. మామగారు అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయారు.

“కడుపులో విషం పడింది,” అని డాక్టరమ్మ తేల్చింది. “మొక్కో, మందో, ఇంకోటో. ఇంటికెళ్ళి వెతకండి. ఏదో తెలిస్తే దానికి తగ్గట్టు చేస్తాను. తెలియకపోతే చీకట్లో రాయి విసిరినట్టే. మధ్యాహ్నం దాకా ఆగకండి.”

మామగారు మాత్రం కోడలి వైపు చూసి ఒక్క మాటే అన్నారు. “ఏం తిందో కనుక్కో అమ్మాయ్. నాకు తెలియాలి.”

ఇప్పుడు టైము పదిన్నర.

టీచరమ్మ ఎనిమిదో కుండీని మెట్ల మీద దించి, చీర చెంగుతో మొహం తుడుచుకుంది. చేతిలో మడతలు పడ్డ కాగితం ఉంది. పిల్లులకి పడని మొక్కల జాబితా, పొద్దున్నే ఎక్కడో ప్రింటు తీయించుకొచ్చింది.

“మనీ ప్లాంట్, ఉంది. కలబంద, ఉంది. ఎడారి గులాబీ, అదీ ఉంది. డైఫెన్‌బేకియా, ఒకటి కాదు, మూడు కుండీలు! నువ్వు ఇల్లు కట్టుకున్నావా, విషాల కొట్టు పెట్టావా?”

“ఈ జాబితాలో ఉన్నవన్నీ ప్రతి ఇంట్లోనూ ఉంటాయి వదినా. ఎదురింటి మెట్ల మీద చూడండి.”

“ఎదురింట్లో మా నాన్న లేడు. మా నాన్న పిల్లీ లేదు.”

 కోడలు పూలకొట్టు నడిపే మనిషి కాబట్టి రోజుకి వందమందితో మాట్లాడగలదు గానీ, ఆడపడుచుతో నాలుగో మాట దగ్గర ఆగిపోతుంది. పైగా పోయిన వారం అన్న మాట ఇంకా గోడల మధ్యే తిరుగుతోంది. ఆదివారం వచ్చి నాన్నని నా దగ్గరికి తీసుకుపోతాను, ఆయన్ని చూసుకునే తీరిక నీకు లేదు అంది ఆవిడ. మామగారు అవుననలేదు, కాదనలేదు. ఇప్పుడు పిల్లికేమైనా అయితే ఆయన ఆదివారం దాకా ఆగరని కోడలికి తెలుసు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మొగుడు కూడా ఊళ్ళో లేడు. ఉన్నా అక్క పక్కన ఒక కుండీ పట్టుకుని నిలబడేవాడు, అది వేరే సంగతి.

కోడలు మెట్ల మీదే చతికిలబడి తెల్లమచ్చల ఆకుల డైఫెన్‌బేకియాని దగ్గరికి లాక్కుంది. ఒక్కో ఆకునీ వెలుతురుకి ఎత్తి, అంచు పొడవునా వేలితో తడిమి చూసింది. తర్వాత రెండో కుండీ, ఆ తర్వాత మూడోది.

“ఏం చూస్తున్నావు?”

“పళ్ళగాట్లు.”

“ఏమిటీ?”

కోడలు లేచి లోపలికెళ్ళి, కిటికీలో వేలాడే స్పైడర్ ప్లాంట్ తెచ్చి ఆడపడుచు ముందు పెట్టింది. సన్నటి పొడవాటి ఆకుల చివర్లన్నీ రంపంతో కోసినట్టు చీలికలు చీలికలుగా ఉన్నాయి.

“ఇది సెకనమ్మ పని. రోజూ నములుతుంది, దీంతో ఏ ప్రమాదమూ లేదు. అది కొరికితే ఆకు ఇలా అవుతుంది, చూడండి. ఇప్పుడు మీరు బయటపెట్టిన ఎనిమిదింట్లో ఇలాంటి ఆకు ఒక్కటి చూపించండి.”

టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. పరీక్ష పేపరు దిద్దినట్టు మొదటి కుండీ నుంచి మొదలుపెట్టింది. కోపం మీద ఉంది గానీ, చూడమంటే చూడకుండా ఉండలేని బుద్ధి ఆవిడది. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ పోలిక ఉందని కోడలికి మొదటిసారి అనిపించింది.

“ఆకు మొత్తం తినేసి ఉండొచ్చుగా?” అంది టీచరమ్మ.

“మొత్తం తింటే కాడ తెగిన చోట రసం కారి గట్టిపడుతుంది. లేదు. అదీకాక, ఈ డైఫెన్‌బేకియా కొరికితే...”

“నోరు వాయాలి,” అని టీచరమ్మే పూర్తిచేసింది. “ఆకులో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. నాలుక పొంగిపోతుంది.”

“పొద్దున డాక్టరమ్మ దాని నోరు తెరిచి చూసింది కదా. వాపేమీ లేదంది.”

“మరి ఎడారి గులాబీ?”

“దానికి గుండె తడబడుతుందని మీ కాగితంలోనే ఉంది. గుండె బాగానే కొట్టుకుంటోందట.”

టీచరమ్మ కాగితం మడిచింది, మళ్ళీ విప్పింది. ఓడిపోయాననడం ఆవిడ సిలబస్‌లో లేదు. “లిల్లీ అని కూడా ఉంది. పెద్ద అక్షరాల్లో, కింద గీత గీసి. బాకాల్లా ఉండే ఆ పెద్ద పూలు.”

“లిల్లీ మొక్క మనింట్లో లేదు వదినా.”

“మరింకేం? గాలి తిని పడిపోయిందా?”

ఇద్దరూ మెట్ల మీద చెరోవైపు కూర్చున్నారు.  పైఅంతస్తులో ఎవరో కుర్చీ జరిపారు. కొరకని ఆకులు ఎనిమిది కుండీల నిండా ఊగుతున్నాయి.

“నీ ఇంట్లో ఒక్కటి శుభ్రంగా ఏడిస్తేనా,” అంది టీచరమ్మ చివరికి, ఎలాగోలా గెలవాలి కాబట్టి. “ఆ బాల్కనీ ఊచలు చూడు. తుప్పు. పొద్దున దాన్ని బుట్టలో పెడుతుంటే ఛాతీ నిండా తుప్పు మరకే.”

“ఊచలకి పోయిన నెలే రంగు వేయించాం.”

“అయితే ఆ మరక నా కలలో కనబడిందా? తడిగుడ్డతో తుడిచాను కూడా. పోతే ఒట్టు. తుడిచిన కొద్దీ ఇంకా పాకింది, చూస్తుండగానే నారింజరంగులోకి తిరిగింది.”

కోడలు తలెత్తింది.

నీళ్ళు పెట్టకండి, రుద్దకండి, టేపు అంటించి పైకి లాగేయండి. ఈ మాట ఆమె కొట్లో రోజుకి పదిసార్లు చెబుతుంది. బట్టల మీద తడి తగిలితే పాకే నారింజ మరక ఆమెకి తెలిసినంతలో లోకంలో ఒక్కటే ఉంది.

ఆమె లేచి మామగారి గదిలోకి నడిచింది.

గది ఎప్పటిలానే ఉంది. కిటికీ పక్కన పాత పనిబల్ల, మెడ వంచిన దీపం, రేకుడబ్బాల్లో వాచీ మరలు. బల్ల మీద సన్నటి పట్టకారు తిన్నగా పెట్టి ఉంది. కుర్చీలో, ఆయన కూర్చునే చోటే, బూడిదరంగు గుడ్డ నాలుగు మడతలు వేసి ఉంది. పని చేసేటప్పుడు ఆయన ఒళ్ళో పరుచుకునే గుడ్డ. చిన్న మర జారినా నేల మీద పడకుండా అందులోనే దొరకాలని నలభై ఏళ్ళుగా అలవాటు. పట్టకారుని ప్రతిసారీ దానికే తుడుస్తారు. ఆయన పని ముగించి లేవగానే సెకనమ్మ వచ్చి కుర్చీ ఎక్కి ఆ గుడ్డలో చుట్టుకుని పడుకుంటుంది. అదీ అలవాటే.

కోడలు మడత విప్పింది.

లోపలంతా నారింజరంగు పొడి. మధ్యలో గుండ్రంగా, పిల్లి పడుకున్న మేర, పొడి చెదిరిపోయి తెల్లటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంతసేపూ మెట్ల మీద కూర్చుని ఆకులు లెక్కపెట్టింది తను. లిల్లీ మొక్క ఇంట్లో లేదు, నిజమే. లిల్లీ పూలు మాత్రం రోజూ ఈ గదిలోకి వచ్చి వెళుతున్నాయి, తనే తెప్పిస్తోంది.

ఆమె ఫోన్ తీసి డాక్టరమ్మకి చేసింది. 

“లిల్లీ, డాక్టరుగారూ. పువ్వు కాదు, పుప్పొడి. ఒంటికి అంటుకుంది. నాకి ఉంటుంది.”

డాక్టరమ్మ వెంటనే అందుకుంది. “ఎప్పుడు?”

“నిన్న సాయంత్రం ఆరింటికి.”

“అంటే పదిహేడు గంటలు. సెలైన్ పెట్టేసరికి పద్నాలుగు. మంచిపని చేశారు, ఇప్పటికైనా చెప్పారు. లిల్లీ అయితే దెబ్బ మూత్రపిండాల మీద. సెలైన్ వేగం పెంచుతాను, మూడు రోజులు ఆపకూడదు. ముందు ఒళ్ళు కడిగించాలి, ఇంకా నాకుతూనే ఉంటుంది. మూత్రం వస్తే గట్టెక్కినట్టు. ఇప్పటిదాకా రాలేదు. మీరు బయల్దేరండి.”

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే గుమ్మంలో టీచరమ్మ. ఆవిడ చూపు గుడ్డ మీద, పట్టకారు మీద, మళ్ళీ గుడ్డ మీద తిరిగింది. సైన్సు టీచరుకి రెండూ రెండూ కలపడం ఎంతసేపు?

“మా నాన్న చేత పూలపని చేయిస్తున్నావా?”

“నేను చేయించలేదు వదినా. ఆయనే చేస్తున్నారు.”

“నలభై ఏళ్ళు కొట్టు నడిపిన మనిషి. నీ కొట్లో కూలీ చేశాడా?”

“మీరు నాలుగు నెలల క్రితం రోజూ ఫోన్ చేసి ఏమడిగేవారు?” అంది కోడలు. నాలుగో మాట దాటింది, అయినా ఈసారి ఆగలేదు. “నాన్న మాట్లాడుతున్నాడా అని అడిగేవారు. లేదు అని చెప్పేదాన్ని. వాచీకొట్టు మూసేశాక ఆ కుర్చీలో కూర్చుని గోడ చూసేవారు. గోడగడియారానికి కీ ఇవ్వడం కూడా మానేశారు. ఒకరోజు పెళ్ళి ఆర్డరు, రెండొందల లిల్లీలు. విచ్చగానే లోపలి పుప్పొడి తిత్తులు గిల్లేయాలి, లేకపోతే పొడి రాలి పెళ్ళికూతురి చీర పాడవుతుంది. నేను గోళ్ళతో గిల్లుతూ రేకులు చింపేస్తున్నాను. ఆయన చూసి చూసి, లేచి వచ్చి, కంటికి వాచీల భూతద్దం బిగించుకుని, పట్టకారుతో ఒక్కొక్కటీ తీశారు. ఒక్క రేకు నలగలేదు. అయిపోయాక, ఇంకా ఉన్నాయా అమ్మాయ్, అన్నారు. ఆర్నెల్ల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది.”

టీచరమ్మ గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది.

“మీరు ఒప్పుకోరని చెప్పలేదు. అది నా తప్పే. రోజూ పూలు మొగ్గ విచ్చీవిచ్చగానే వస్తాయి, తిత్తులు మూసే ఉంటాయి, పొడి రాలదు. తలుపు మూసుకునే చేస్తారు, పని అయ్యాకే పిల్లి లోపలికొస్తుంది. నిన్న పూల వ్యాను దారిలో చెడిపోయి సాయంత్రం వచ్చింది. పూలన్నీ ఎండకి పూర్తిగా విచ్చి తిత్తులు పగిలిపోయాయి. నేను కొట్లో ఉన్నాను. మావయ్యా, రేపటికి కావాలి, ఎలాగైనా చూడండి అని ఫోన్ చేసింది నేనే. వచ్చి చూసి, ఒక్క మరక లేదు, మీ చెయ్యి బంగారం అన్నది కూడా నేనే.”

చివరి మాటకి ఆమె ఏడ్చేసింది. తుడుచుకోలేదు.

  అడిగి తీరతాననుకున్న ప్రశ్నలన్నీ టీచరమ్మ మొహంలో ఒకదాని వెనక ఒకటి వచ్చి వెనక్కి పోతున్నాయి.

“అంటే, నాన్న చేతుల్లోంచే...” అని ఆగిపోయింది.

“అవును.”

“ఆయన అక్కడ అదే అడుగుతున్నాడు కదా. నాకు తెలియాలి అని.”

“అవును వదినా.”

“తెలిస్తే ఇక ఆ పట్టకారు ముట్టుకోడు. దేన్నీ ముట్టుకోడు.” టీచరమ్మ వచ్చి గుడ్డని కోడలి చేతిలోంచి తీసుకుని, పొడి రాలకుండా మడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడేసింది. “డైఫెన్‌బేకియా. బాల్కనీలోది. మనిద్దరం చూశాం. ఆకు కొరికి ఉంది. సరేనా?”

“మావయ్యతో అబద్ధమా?”

“నేను చెబుతాను. డాక్టరమ్మ నోరు విప్పకుండా దారిలో ఫోన్ చేసి చెబుతాను. నువ్వు తలకాయ ఊపు చాలు. నీకు మాట్లాడ్డం చేతకాదు.”

* * *

డాక్టరమ్మ గది బయట నాలుగు బెంచీలు, గోడకి ఒక చేతులు కడుక్కునే తొట్టి. మామగారు చివరి బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. చొక్కా జేబులోంచి భూతద్దం నల్లటి అంచు కనిపిస్తోంది. అది లేకుండా ఆయన ఎక్కడికీ వెళ్ళరు.

“దొరికింది నాన్నా,” అంది టీచరమ్మ, ఆయన అడక్కముందే. “బాల్కనీలో మొక్క. డైఫెన్‌బేకియా. ఆకు కొరికి ఉంది, నేనే చూశాను.”

కోడలు తల ఊపింది.

మామగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత పక్కకి జరిగి, ఇద్దరికీ చోటిచ్చారు.

“ఇప్పుడే డాక్టరమ్మ దానికి స్నానం చేయించింది,” అన్నారు. “నన్ను పట్టుకోమంది. నీళ్ళు నారింజరంగులో దిగాయి. ఎందుకలా అని నాలుగు వెంట్రుకలు తీసి లెన్సు కింద పెట్టి చూశాను.”

టీచరమ్మ ఏదో అనబోయింది.

“నాలుగు నెలలుగా రోజూ చూస్తున్న పొడే తల్లీ. నాకు తెలియదా?” ఆయన గొంతులో కోపం లేదు. “మీరిద్దరూ ఒక మాట మీద నిలబడగా చూడ్డం ఇదే మొదటిసారి. బాగుంది. ఇంకో విషయానికైతే ఇంకా బాగుండేది.”

కోడలు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. “నేను చేయమంటేనే కదా మావయ్యా మీరు చేసింది.”

“చేయమన్నావు. గుడ్డకి తుడవమనలేదుగా.”

లోపల్నుంచి సన్నగా అరుపు వినబడింది. సెకనమ్మ గొంతే. రాత్రి నుంచి నోరు విప్పని పిల్లి ఇప్పుడు అరుస్తోంది. డాక్టరమ్మ తలుపు తోసుకుని బయటికొచ్చింది, మోచేతి మీద కొత్త గీరు, దాని వెంట రక్తం.

“సూది పీకేసుకుంది. రెండోసారి. కొత్త చెయ్యి తగిలితే చాలు, గింజుకుంటోంది. మత్తు ఇద్దామంటే ఆ మూత్రపిండాలు తట్టుకోవు. అలవాటైన మనిషి పట్టుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే గానీ సెలైన్ ఎక్కదు. ఎవరి దగ్గర పడుకుంటుంది ఇది?”

 ఇద్దరి చూపూ ఆయన వైపే తిరిగింది.

మామగారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

“నాన్నా,” అంది టీచరమ్మ. ఆవిడ గొంతు అంత చిన్నదవుతుందని కోడలికి ఇంతవరకూ తెలియదు.

ఆయన లేచి, తలుపు వైపు కాకుండా తొట్టి వైపు నడిచారు. కుళాయి తిప్పారు. సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నారు, కడుక్కున్నారు, వాసన చూసుకున్నారు. మళ్ళీ సబ్బు అందుకున్నారు. లోపల పిల్లి అరుస్తూనే ఉంది. డాక్టరమ్మ గోడగడియారం వైపు చూసింది. మూడోసారి కూడా ఆయన సబ్బుకోసం చెయ్యి చాచేసరికి కోడలు వెళ్ళి కుళాయి కట్టేసింది.

“చాలు మావయ్యా. శుభ్రంగా ఉన్నాయి. పదండి.”

“నీ కంటికి అలాగే కనబడతాయి.” ఆయన తడిచేత్తోనే జేబులోంచి భూతద్దం తీసి ఆమె చేతిలో పెట్టారు. “ఇది పెట్టుకుని చూడు. ఒక్కో గోరూ చూడు. ఏమీ లేదని నువ్వు చెబితే లోపలికెళతాను. తల ఊపొద్దు, నోటితో చెప్పు.”

కోడలు భూతద్దాన్ని కంటికి బిగించుకుంది. ఆయన చేతిని తొట్టి మీది దీపం కిందికి లాక్కుంది. ఎడమచేతి అయిదు గోళ్ళూ చూసింది, శుభ్రం. కుడిచేతి చిటికెనవేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు, చూపుడువేలు, ఏమీ లేదు. పట్టకారు నొక్కీ నొక్కీ కాయకాచిన బొటనవేలి దగ్గరికి వచ్చింది. గోరు మూల, చర్మం కలిసే చోట, వెంట్రుకంత సన్నగా నారింజరంగు గీత.

లోపలి అరుపు కాస్త తగ్గింది. మునుపటి కంటే నీరసంగా ఉంది.

“ఉందా అమ్మాయ్?” అని అడిగారాయన.